మా ఇంటికి మూడు విస్తీర్ణాలు

నాన్న డైరీలో మా ఇల్లు 272 గజాలు. పంచాయతీ ఇంటిపన్ను నోటీసులో 2,464 చదరపు అడుగులు. తమ్ముడు దసరాకి హైదరాబాద్ నుంచి వచ్చి, లేజర్ మీటరు పట్టుకుని గదిగదీ తిరిగి తేల్చింది 2,011 అడుగులు. ఇల్లేమో ఒకటే. కోనసీమలో అంబాజీపేట అవతల కాలువ పక్కన తాతగారు కట్టించిన మండువా లోగిలి, నడిమధ్య ఆకాశం కనపడే పల్లపు జాగా ఉండే పాతకాలపు ఇల్లు.

మామూలు రోజుల్లో ఎవరికీ పట్టని సంగతి ఇది. అమ్మ సంవత్సరీకాలు అయ్యాక పంపకాల మాట వచ్చింది. ఇల్లు అన్నయ్య ఉంచుకుంటాడు. స్థలానికి వేరే లెక్క, కట్టుబడికి అడుగుకి ఇంతని వేసి తమ్ముడికీ నాకూ డబ్బు ఇస్తాడు. స్థలం దగ్గర పేచీ లేదు, దస్తావేజులో సెంట్లతో సహా ఉంది, సర్వేయరు కొలిచిందే. పేచీ అంతా కట్టుబడి దగ్గరే. అడుగుకి ఐదు వందలు అనుకున్నా 2,011కీ 2,464కీ మధ్య రెండు లక్షల ఇరవై ఆరు వేల పైచిలుకు. అన్నదమ్ములు మొహమొహాలు చూసుకోకుండా పోవడానికి అంతకంటే తక్కువ మొత్తాలు చాలిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి.

నేను పాలిటెక్నిక్‌లో లెక్కలు చెబుతాను గనక "నువ్వే తేల్చవే" అని ఇద్దరూ నా నెత్తిన పెట్టారు. వాటాదారే లెక్క తేలిస్తే రేపెవరైనా ఓ మాట అంటారు. అందుకని కొలిచేటప్పుడు అందరూ పక్కనే ఉండాలి, ప్రతి కొలతా ఇద్దరు చదవాలి, కాగితం మీద అందరూ సంతకాలు పెట్టాలి అని ముందే చెప్పాను. సంక్రాంతికి ఎలాగూ అందరం ఊళ్లో ఉంటాం కదా అని కనుమ వెళ్లిన మర్నాడు పెట్టుకున్నాం. అన్నయ్య, వదిన, తమ్ముడు, నేను, తాపీ మేస్త్రి, రిటైరైన లెక్కల మాస్టారు మా బాబాయి.

ఇల్లు కొలవడానికి ముందు టేపుని చూసుకోవాలి. మేస్త్రి తెచ్చిన గుడ్డ టేపుకి మొదటి అడుగు లేదు. "ఎప్పుడో తెగిపోయిందండి. ఒకటి కాడ పట్టుకుని, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేత్తానండి, ఆయ్" అన్నాడు. ఆయనకి అది చేతికి అలవాటైన లెక్క, ఎప్పుడూ తప్పు పోడు. కానీ అవతలి కొసన అంకె చదివేది మా తమ్ముడు. పైగా గుడ్డ టేపు ఏళ్ల తరబడి లాగితే సాగుతుంది. అన్నయ్య బండి మీద అంబాజీపేట వెళ్లి వంద అడుగుల ఫైబర్ టేపు కొత్తది తెచ్చాడు. కొత్త టేపుకి కూడా సున్నా ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి. కొన్నిటికి రింగు అంచే సున్నా, కొన్నిటికి రింగు దాటాక ఎక్కడో గీత ఉంటుంది.

ఇంట్లో ఉన్న చిన్న స్టీలు టేపు కొక్కెం కాస్త వదులుగా ఆడుతోందని తమ్ముడు సుత్తి కోసం వెతుకుతుంటే మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. అది పాడవలేదు, కావాలనే అలా పెడతారు. గోడకి ఆనించి లోపలి కొలత తీస్తే కొక్కెం లోపలికి జరుగుతుంది, అంచుకి తగిలించి లాగితే బయటికి వస్తుంది. ఆ జరిగేది సరిగ్గా కొక్కెం రేకు మందమంత. అందుకే ఎలా కొలిచినా అంకె సరిగ్గా వస్తుంది. బిగ్గొడితే ఏదో ఒక పక్క తప్పు పోతుంది.

తమ్ముడి లేజర్ మీటరు మంచి వస్తువే, లోపల. బయట ఎండలో ఆ ఎర్రచుక్క గోడ మీద ఎక్కడ పడిందో కనపడదు. కొలత మీటరు ముందు అంచు నుంచా, వెనక అంచు నుంచా అన్నది కూడా సెట్టింగులో ఉంటుంది, చూసుకోకపోతే మీటరు పొడవంతా గల్లంతే. అందుకని బయట టేపు, లోపల లేజర్, రెండు మూడు గదుల్లో రెండూ వేసి సరిచూసుకోవడం అనుకున్నాం.

ఇక రాసుకోవడం. అన్నయ్యగారబ్బాయి అంతకుముందే ఓసారి గదులు కొలిచి కాగితం మీద పెట్టాడు: 12.6, 12.10, 9.3... వాడి ఉద్దేశం 12 అడుగుల 6 అంగుళాలు, 12 అడుగుల 10 అంగుళాలు. మా వైపు కార్పెంటర్లూ మేస్త్రులూ అందరూ అలాగే చుక్క పెట్టి రాస్తారు, వాళ్లకి దాని అర్థం తెలుసు. కాలిక్యులేటరుకి తెలియదు. 12 అడుగుల 6 అంగుళాలంటే 12.5. 12 అడుగుల 10 అంగుళాలంటే 12.83. దాన్ని 12.10 అని కొడితే దాదాపు తొమ్మిది అంగుళాలు మాయం, 18 అడుగుల గదిలో అది 13 చదరపు అడుగులు. చుక్కలు మానేసి అడుగులకో గడి, అంగుళాలకో గడి గీసి ఇచ్చాను.

ముందు బయటి కొలత. మా ఇల్లు ఎత్తు బేస్‌మెంటు మీద ఉంటుంది, డెల్టాలో పాత ఇళ్లన్నీ అంతే. 1986 ఆగస్టు వరదల్లో నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయని అమ్మ చెప్పేది. ఆ బేస్‌మెంటు నేల దగ్గర వెడల్పుగా మొదలై, మధ్యలో అర అడుగు మెట్టు విరిగి లోపలికి వెళ్తుంది. నేల మీద నడుస్తూ టేపు లాగితే ఆ మెట్టు కూడా కలిసిపోయి, రెండు వైపులా కలిపి అడుగు ఎక్కువ వస్తుంది. పైగా మాది నల్లరేగడి, తడికి ఉబ్బి ఎండకి బీటలిచ్చే నేల. పడమటి గోడ పైకి వెళ్లేకొద్దీ బయటికి వాలింది. మరి ఏ ఎత్తులో కొలవాలి? భవనాల విస్తీర్ణం కొలవడానికి ఐ.ఎస్. 3861 అని భారతీయ ప్రమాణం ఒకటి ఉంది. దాని ప్రకారం లోపలి ఫ్లోరు మట్టానికి సరిగా, బేస్‌మెంటు మెట్టు వదిలేసి, గోడ బయటి అంచు నుంచి అంచుకి కొలవాలి. గుమ్మం దగ్గర ఫ్లోరు మట్టం పట్టుకుని మేస్త్రి నీళ్ల గొట్టంతో ఇంటి చుట్టూ సుద్దగీతలు పెట్టాడు. ఆ గీత వెంట వచ్చింది: ముందు వెడల్పు 44 అడుగులు, లోతు 50 అడుగులు. అంటే 2,200. వీధి అరుగు విడిగా 44కి 6, అంటే 264.

లోపలి కొలతలు లేజరుతో చకచకా అయిపోయాయి. ఆలస్యమంతా సరిచూసుకోవడంలోనే. ఒకే వరసలో ఉన్న గదులూ గోడలూ అన్నీ కూడితే బయటి కొలత రావాలి. అడ్డంగా చూస్తే: బయటి గోడ అడుగున్నర, గది 11, లోగోడ 1, నడిమిల్లు 17, లోగోడ 1, గది 10 అడుగుల 10 అంగుళాలు, బయటి గోడ అడుగున్నర. మొత్తం 44 రావాల్సింది 43 అడుగుల 10 అంగుళాలే వచ్చింది. "రెండు అంగుళాలే కదక్కా" అన్నాడు తమ్ముడు. రెండు అంగుళాలు 50 అడుగుల పొడవునా అంటే ఎనిమిది చదరపు అడుగుల పైమాట. గోడల మందం గుమ్మాల దగ్గరే కదా తెలిసేది, మళ్లీ ఒక్కో ద్వారబంధం దగ్గరా గూటాలు పట్టి చూస్తే దక్షిణపు గది లోగోడ 12 కాదు, 14 అంగుళాలు. కరెంటు పైపులు పెట్టినప్పుడు ఆ ఒక్క గదికీ మళ్లీ పూత పూయించారట, వదినకి గుర్తొచ్చింది. ఆ పూత అయ్యాకే కొలిచాం గనక గది కొలత సరిగ్గానే వచ్చింది, మేము గోడని మాత్రం పక్క గోడలాంటిదే అనుకుని రాసేశాం.

మండువా దగ్గర ఇంకో వాదన. కింద గచ్చు పల్లం గట్టు నుంచి గట్టుకి 12కి 10. పైన చూరు నాలుగు వైపులా ముందుకి వచ్చి, ఆకాశం కనపడే జాగా అంతకంటే బాగా తక్కువ. "కప్పు ఉన్నంతా ఇల్లే కదా, చూరు నుంచి తియ్యండి" అన్నాడు తమ్ముడు. చూరు కింద పడ్డ వాన నీళ్లు ఎక్కడికి పోతాయో చూడమన్నాను. కొలతలన్నీ ఫ్లోరు మట్టానికి అనుకున్నాక మండువాకి మాత్రం వేరే రూలు ఎందుకు? గట్టు నుంచి గట్టుకే తీశాం, 120 అడుగులు. అన్నట్టు ఆ మండువా మూలమట్టం చూడాలని అనిపించి రెండు కర్ణాలూ కొలిచాను. రెండూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలు. లెక్క ప్రకారం ఎంత రావాలో అంతే. వందేళ్ల కిందటి పనివాళ్లు గుంజ, తాడు పెట్టి కట్టింది ఇది.

వంటిల్లు మాత్రం అలా కాదు. ఇంటికి విడిగా, నాలుగడుగులు వెనక ఉంటుంది. 1996 నవంబరు తుఫానుకి పాత వంటింటి మీద కొబ్బరిచెట్లు పడ్డాయి. కోనసీమ అంతా ఒకేసారి ఇళ్లు బాగు చేసుకుంటున్న రోజులు, ఇటుకా దొరకదు, మనిషీ దొరకడు. దొరికినవాళ్లతో, దొరికిన ఇటుకతో, పక్కవాళ్ల ప్రహరీ ఎటు వంగితే అటు వంగి, తొమ్మిది అంగుళాల గోడలతో స్లాబు వేసేశారు. లోపల తూర్పు 12 అడుగులు, పడమర 11, ఉత్తరం 18, దక్షిణం పదిహేడున్నర. ఏ రెండు గోడలూ ఒకటి కాదు.

మేస్త్రి క్షణంలో తేల్చాడు: 12, 11 కలిపి సగం పదకొండున్నర, 18, పదిహేడున్నర కలిపి సగం పదిహేడూ ముప్పావు, గుణిస్తే 204 చిల్లర. బాబాయి ఊరుకోలేదు. "అది స్థూలం రా! ఎదురు భుజాల సగాలు గుణిస్తే వచ్చేది స్థూల ఫలమని బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పాడు. మహావీరాచార్యుడూ వ్యావహారికం వేరు, సూక్ష్మం వేరు అని విడదీశాడు. మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఆయన గణితాన్నే!" అని మొదలెట్టాడు. సూక్ష్మం కావాలంటే ఇంకొక్క కొలత ఉండాలి, కర్ణం. ఆగ్నేయ మూల నుంచి వాయవ్య మూలకి లేజర్ పెడితే సరిగ్గా 21 అడుగులు. ఇప్పుడు గది రెండు త్రిభుజాలైంది. ఒకటి 12, 18, 21. రెండోది 11, 17.5, 21. మూడు భుజాలూ కలిపి సగం చేసి, ఆ సగంలోంచి ఒక్కో భుజమూ తీసేసి, వచ్చిన మూడింటినీ సగంతో గుణించి వర్గమూలం తియ్యాలి. మొదటిది: సగం 25.5. తీసేస్తే 13.5, 7.5, 4.5. గుణిస్తే 11,618 చిల్లర, దాని మూలం 107.79. రెండోది 96.19. మొత్తం 203.98.

మేస్త్రి లెక్క 204.13. తేడా ఒక పోస్టుకార్డంత!

బాబాయి కాస్త చిన్నబోయాడు గానీ ఆయన పట్టుదల వృథా ఏమీ కాదు. ఆ సగాల పద్ధతి ఎప్పుడూ అసలు విస్తీర్ణానికి సమానంగా గానీ, ఎక్కువగా గానీ చూపిస్తుంది, తక్కువగా చచ్చినా చూపించదు. గది మూలలు రెండు మూడు డిగ్రీలు వంకర పోతే ఎక్కువ వచ్చేది ఏమీ ఉండదు. అదే కాలువ వంపు పక్కన ఏటవాలుగా ఉండే స్థలమైతే? 40కి 60 స్థలం మూల 90 బదులు 75 డిగ్రీలు ఉందనుకోండి, సగాల లెక్కకి 2,400 అడుగులు, నిజానికి 2,318. కొనేవాడు 82 అడుగులకి ఊరికే డబ్బు కట్టినట్టు. మా వైపు స్థలాలు కొనేవాళ్లు అడగాల్సింది నాలుగు వైపుల కొలతలు కాదు, ఐదోది, కర్ణం.

వంటింట్లో టైల్స్ వేయించాలని వదిన ఎప్పట్నుంచో అంటోంది, పనిలో పనిగా అదీ చూశాం. రెండుకి రెండు టైల్స్ డబ్బాకి నాలుగు, అంటే 16 అడుగులు. 204 అడుగులకి పదమూడు డబ్బాలు. తరుగు నూటికి పది వేసుకుంటే 224, పద్నాలుగు డబ్బాలకి సరిగ్గా అంచుకి వస్తుంది. ఈ వంకర గదిలో ఒక పక్కంతా టైలు ఏటవాలుగా కొయ్యాలి, కోసిన ముక్క ఇంకెక్కడా పనికిరాదు. పదిహేను చెప్పమన్నాడు మేస్త్రి. టైల్స్‌కి కావలసింది లోపలి కొలత మాత్రమే. ఇదే వంటిల్లు గోడలతో సహా బయట నుంచి కొలిస్తే 250 అడుగులు. అంత చిన్న గదికే గోడలు 46 అడుగులు తిన్నాయి.

అక్కడే మూడు అంకెల గుట్టు కూడా విడిపోయింది. పెద్దింటి బయటి గోడలు అడుగున్నర మందం. 44కి 50లోంచి అవి తీసేస్తే లోపల 41కి 47, అంటే 1,927. గోడల కిందే 273 అడుగులు! ఇందులో మండువా తీసేసి తమ్ముడు గదులకి 1,697, లోగోడలకి 110, వంటింటికి 204 వేసుకున్నాడు. కూడితే 2,011. వాడు తప్పు చెయ్యలేదు, 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో కార్పెట్ ఏరియా అంటే అదే: బయటి గోడలు కలపరు, లోపలి అడ్డుగోడలు కలుపుతారు, వరండా, బాల్కనీ కలపరు. వాడు అపార్ట్‌మెంట్ కొన్నప్పుడు నేర్చుకున్న లెక్క అది.

నాన్న 272 గజాలు ఎలా వచ్చాయి? గజానికి తొమ్మిది అడుగులు. 2,200కి వంటింటి 250 కలిపితే 2,450, తొమ్మిదితో భాగిస్తే 272. నాన్న మండువా కలిపేశారు, అరుగు వదిలేశారు. ఇక నోటీసులో 2,464 అంటే 2,200కి అరుగు 264. అందులో ఇప్పటి వంటిల్లే లేదు, అది తుఫానుకి ముందు వేసిన కొలత. ఇన్నాళ్లూ అన్నయ్య 2,450, 2,464 పక్కపక్కనే ఉన్నాయి కదా, పద్నాలుగు అడుగులు అటూ ఇటూ, రెండూ ఒకటే అని వాదించేవాడు. ఒకదాంట్లో వంటిల్లు లేదు, ఇంకోదాంట్లో అరుగు లేదు. రెండింటి సైజు దాదాపు ఒకటే కావడంతో అంకెలు కలిసినట్టు కనపడ్డాయి, అంతే. నన్నడిగితే కలవని అంకెలకంటే ఇలా కలిసిపోయినవే ఎక్కువ ప్రమాదం, ఎవరూ మళ్లీ కొలవరు.

మరి మాకు కావలసింది ఏది? అమలాపురంలో లైసెన్సున్న ఇంజనీరుని ఫోన్లో అడిగాను. అమ్మకానికి పెట్టిన ఫ్లాటులో తిరగడానికి ఎంత జాగా అన్నది వేరు, కట్టిన ఇంటికి విలువ కట్టడం వేరు అన్నాడు. గోడకి కూడా ఇటుక, సున్నం, కూలీ పడ్డాయి కదా, కాబట్టి విలువకి ప్లింత్ ఏరియా, అంటే బయటి కొలతే. ఆకాశం కనిపించే మండువా అందులో రాదు. అటక రాదు. స్తంభాల మీద చూరు దిగిన అరుగుకి మీరు మీరు అనుకుని సగం వేసుకోండి అన్నాడు. ఆ ప్రకారం పెద్దిల్లు 2,200లోంచి 120 పోగా 2,080. వంటిల్లు 250. అరుగు సగం 132. మొత్తం 2,462.

వదిన నోటీసు తీసి చూసి, "పొద్దుట్నించీ ఈ ఎండలో ఇంత చేసి రెండడుగులు తగ్గించారా? ఇదేదో వేసేసుకుంటే పోయేదిగా!" అంది. మేస్త్రి నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు.

కానీ ఆ మొత్తం మేము ఎక్కడా వాడలేదు. పెంకుటింటికీ స్లాబుకీ ఒకటే రేటు ఉండదు, అరుగుకి ఇంకా తక్కువ. అందుకని కాగితం మీద మూడు వరసలు విడివిడిగా రాశాను, పక్కనే ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచామో, మండువా తీసేశామని, అటక కలపలేదని, ఏ టేపుతో, ఏ తేదీన అన్నీ. వెనక పక్క ఇంటి బొమ్మ, ప్రతి గోడ మందంతో. అందరం సంతకాలు పెట్టాం, బాబాయి సాక్షి. తలా ఒక జిరాక్సు.

రేటు మీద బేరం ఇంకా నడుస్తూనే ఉంది. దూలాలకి చెద పట్టిందని అన్నయ్య, స్తంభాలు బర్మా టేకువని తమ్ముడు. అడుగుల సంగతి మాత్రం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.